తొలేళ్లకి డైటింగ్ ఏం చెయ్యాలి? చీట్ డే పెట్టుకునేవాళ్ల కోసం

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర), దానికి ముందు రోజు సోమవారం తొలేళ్లు. ఆ రెండు రోజులూ ఊళ్లో ఏ ఇంటికెళ్లినా హాల్లో చాపలు, చాపల మీద చుట్టాలు, వంటింట్లో ఆరని పొయ్యి. అలాంటి ఇంట్లో నిలబడి "నేను డైటింగులో ఉన్నాను" అని చెప్పి చూడండి, "ఏటి బావూ, ఒంట్లో బాలేదేటి?" అని మామ్మ దగ్గర్నుంచి మేనకోడలి దాకా వరసగా అడుగుతారు. మూడో మనిషికి జవాబు చెప్పేలోపు ఆకులో బూరె పడిపోతుంది.

నేను కాస్త తగ్గానని తెలిసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. వారానికో రోజు నోరు వదిలెయ్యొచ్చా, చీట్ డే అంటారు కదా, పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు. కాకపోతే రోజు వద్దు, ఒక పూట చాలు. ఆ పూట కూడా ఆదివారం వచ్చింది కదా అని పెట్టుకునేది కాకూడదు, కాలెండర్ చూసి ముందే అనుకున్నది అవ్వాలి. ఈ రెండు ముక్కలు తెలియక నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. మీకు ఆ నాలుగు నెలలు మిగులుతాయేమోనని ఇదంతా. నేను డాక్టర్ని కాను, 91 కిలోల నుంచి 79కి రావడానికి ఏడాదిన్నర పట్టిన మామూలు ఉద్యోగిని.

1. ముందు మీ ఆదివారాన్ని కాగితం మీద పెట్టండి

జిమ్ములో నాకు మొదట చెప్పిన మాట "ఆరు రోజులు కరెక్టుగా ఉండండి సార్, ఆదివారం ఏం తిన్నా పర్లేదు, మెటబాలిజం కిక్ అవుతుంది" అని. వినడానికి ఎంత హాయిగా ఉందో. శనివారం రాత్రి నుంచే ఆదివారం మెనూ ఆలోచించుకుంటూ నిద్రపోయేవాణ్ని. నాలుగు నెలలయ్యాక బరువు చూసే మిషన్ ఎక్కితే తగ్గింది కిలోకి కాస్త తక్కువ. అప్పుడు కోపమొచ్చి ఒక ఆదివారం తిన్నదంతా రాసుకున్నాను.

పొద్దున నెయ్యి వేసిన ఉప్మా పెసరట్లు రెండు, అల్లం చట్నీ, కలిపి 700 కేలరీలు. రోజంతా పంచదార వేసిన టీలు నాలుగు, 300. మధ్యాహ్నం పులావు, నాటుకోడి కూర, చివర్లో పెరుగన్నం, 1300. సాయంత్రం కోట దగ్గర మిర్చి బజ్జీలు, ఒక కూల్ డ్రింకు, 650. రాత్రి బిర్యానీ 1000, ఐస్‌క్రీమ్ 250. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే, మీ ఇంటి గరిటెని బట్టి అటూ ఇటూ అవుతాయి, కానీ మొత్తం 4200 దాకా వచ్చింది. నా ఒంటికి రోజుకి కావలసింది సుమారు 2200. అంటే ఆ ఒక్క రోజు 2000 ఎక్కువ.

ఇప్పుడు మిగతా ఆరు రోజులు చూడండి. రోజుకి 400 చొప్పున తగ్గించి తిన్నాను, ఆరు రోజులకి 2400. అందులోంచి ఆదివారం 2000 తీసేస్తే వారానికి మిగిలింది 400. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీల లోటు కావాలి. 7700ని 400తో భాగిస్తే 19 వారాలు. ఆరు రోజులు చపాతీ, దోసకాయ ముక్కలు తిని, సాయంత్రాలు అయ్యకోనేరు గట్టు చుట్టూ చెమటలు కక్కుతూ తిరిగితే, నాలుగున్నర నెలలకి ఒక కిలో! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, సోమవారం నుంచి శనివారం దాకా కూడబెట్టినదంతా ఆదివారం పంచిపెట్టేశాను.

అదే ఆదివారం మధ్యాహ్నం భోజనం ఒక్కటే ఇష్టంగా తిని, మిగతావి మామూలుగా ఉంచుకుంటే ఎక్కువయ్యేది 700 దగ్గర ఆగేది. వారానికి 1700 మిగిలేది, నాలుగున్నర వారాలకి ఒక కిలో. ఒకే మనిషి, అదే నాటుకోడి, తేడా మాత్రం ఇంత.

మెటబాలిజం కిక్ సంగతి కూడా చెప్పాలి. ఒక రోజు ఎక్కువ తింటే లెప్టిన్ అనే హార్మోను కాస్త పెరగడం, ఒళ్లు కాస్త ఎక్కువ ఖర్చుపెట్టడం నిజమే, కానీ అది కొద్దిసేపటి ముచ్చట, మీరు తిన్న 2000కి అది వడ్డీ కూడా కాదు. చీట్ డే పెట్టుకోవడానికి ఉన్న అసలు కారణం మనసుకి సంబంధించింది. ఏడాది పాటు బూరె తినకూడదు అనుకున్నవాడు ఏడాది ఉండలేడు, మూడో నెల్లో మొత్తం వదిలేస్తాడు. ఆ కారణం చాలా గట్టిది, దానికి హార్మోన్ల సాక్ష్యం అక్కర్లేదు.

2. అసలు మీరు పెట్టుకోవచ్చా

సుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు పండగ పూట ఎంత తినాలో, మందు ఎలా సర్దుకోవాలో డాక్టర్ని అడగాలి, నన్నూ కాదు, జిమ్ములో అబ్బాయినీ కాదు. గర్భిణులు అసలు డైటింగ్ జోలికే పోవద్దు.

మా వైపు ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. ఆ వైపు వాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నవాళ్లు డైటింగ్ మొదలుపెట్టే ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష ఒక్కసారి చేయించుకోండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఉప్పు చేపలతో తొణికే పండగ భోజనమే కాదు, పొద్దునా సాయంత్రం ప్రొటీన్ పౌడరు కలుపుకుని తాగే డైటింగ్ కూడా మంచిది కాదు. ఎంత మాంసకృత్తులు తినాలో డాక్టరే చెప్పాలి.

ఇంకొకళ్లు ఉన్నారు, వాళ్లే బయటికి చెప్పుకోరు. మొదలుపెడితే ఆపలేనివాళ్లు, ఎవరూ చూడకుండా తినేవాళ్లు, తిన్నాక కక్కుకునేవాళ్లు. మీరు ఆ కోవలో ఉంటే "ఆరు రోజులు కట్టు, ఒక రోజు విడుపు" అనే పద్ధతి మీకు ఇంకా చేటు చేస్తుంది. అది నోటి చాపల్యం కాదు, వైద్యం ఉన్న ఇబ్బంది. డాక్టర్ దగ్గరికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మిగతావాళ్లు కూడా డైటింగ్ మొదలెట్టిన తొలి మూడు వారాలు విడుపు పెట్టుకోకపోతే మేలు. నాలుక కొత్త ఉప్పుకి, కొత్త తీపికి అలవాటుపడడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది.

3. కాలెండర్ తీసి గుర్తులు పెట్టండి

గోడకి వేలాడే తెలుగు కాలెండర్ ఉంటుంది కదా, అది. ఫోనులో వద్దు, ఇంట్లో వాళ్లకి కూడా కనపడాలి. ఒక పెన్ను తీసుకుని ఏడాది మొత్తం చూడండి: భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ, ఉగాది, శ్రీరామనవమి, వేసవిలో పెళ్లిళ్లు, మీ ఊరి అమ్మవారి సంబరం, వినాయక చవితి, దసరా, తొలేళ్లు, సిరిమాను, దీపావళి, నాగుల చవితి, కార్తీక మాసంలో వనభోజనాలు, ఆపైన ఇంట్లో పుట్టినరోజులు. అరసవిల్లి వైపు వాళ్లయితే రథసప్తమికి చుట్టాలు దిగుతారు, అదొకటి. నా కాలెండర్‌లో ఇలా గుర్తులు పెట్టుకుంటూ పోతే మొత్తం 31 వచ్చాయి. ఏడాదికి 52 ఆదివారాలు వీటికి కలిపితే 83 రోజులు, అంటే నాలుగైదు రోజులకొక చీట్ డే. ఇక డైటింగ్ ఎక్కడుంది?

మనకి విడుపు రోజులు కొత్తగా పెట్టుకోవాల్సిన పనే లేదు, ఉన్నవాటిలోంచి ఏరుకోవాలి. నేను పెట్టుకున్న కట్టు నెలకి రెండు పూటలు. పెళ్లి వస్తే ఆ రెండిట్లో ఒకటి అదే. మాఘం, వైశాఖం లాంటి ముహూర్తాల నెలల్లో ఐదు శుభలేఖలు వస్తే ఐదుకీ వెళ్తాను, అక్షింతలు వేస్తాను, రెండు చోట్ల ఇష్టంగా తింటాను, మూడు చోట్ల ఆకు ముందు కూర్చుని పప్పు, కూర, కాస్త అన్నం, మజ్జిగతో లేచేస్తాను. ఎవ్వరూ పట్టించుకోరు, బంతిలో మన ఆకు మీద నిఘా పెట్టేంత తీరిక ఎవరికీ ఉండదు.

అన్ని పండగలూ ఒకటి కాదని కూడా గమనించండి. వినాయక చవితి ఉండ్రాళ్లు ఆవిరి మీద ఉడికేవి, శ్రీరామనవమి వడపప్పు నానబెట్టిన పెసరపప్పు, నిశ్చింతగా తినండి. నాగుల చవితి చిమ్మిలి అంటే నువ్వులూ బెల్లమూ, ఒక ఉండతో ఆగగలిగితే సరే. సంక్రాంతి మాత్రం నూనె బాణలి పండగ, దానికి వేరే ఏర్పాటు కావాలి, కింద చెప్తాను.

ఒక్కపొద్దుల గురించి చిన్న మాట. మా ఇంట్లో శనివారాలు ఒక్కపొద్దు, మధ్యాహ్నం భోజనం, రాత్రి పలారం. ఆ పలారం ఏమిటయ్యా అంటే నాలుగు మినపట్లు, కొబ్బరి చట్నీ, మీద ఒక అరటిపండు, గ్లాసుడు పాలు. అన్నం మానేశామన్న తృప్తితో అన్నం కన్నా ఎక్కువ తినేవాళ్లం. భక్తికి నేనేం అడ్డు చెప్పను, దాన్ని డైటింగ్ ఖాతాలో మాత్రం రాయకండి.

4. ఆ పూటకి ఒక్క పదార్థం ఎంచుకోండి

విడుపు అంటే కనిపించినదల్లా తినడం అనుకుంటే ఎక్కడో ఒక చోట కట్ట తెగుతుంది. ముందు రోజే ఒక్కటి అనుకోండి, దానికి కొలత వద్దు, మిగతావాటికి వేళ్ల లెక్క. ఏది ఎంచుకోవాలో తేల్చుకోడానికి నేను చూసేది ఒకటే, దానికోసం బస్సెక్కి వెళ్తానా? భీమాళి మామిడి తాండ్ర కోసం వెళ్తాను. పలాస జీడిపప్పు వేసిన కూర ఫలానా పెద్దమ్మ చేతిది అంటే టెక్కలి దాకా వెళ్తాను. పెళ్లి బఫేలో పెట్టే నూడుల్స్ కోసం, గులాబ్ జామ్ కోసం గుమ్మం కూడా దిగను. మరి ఆ నూడుల్స్‌కి 400 కేలరీలు ఎందుకు ధారపొయ్యాలి?

నాది బూరె. మా అమ్మ చేసే పూర్ణం బూరె, బాణల్లోంచి తీసిన రెండు నిమిషాలకే తినాలి. పైన మినప్పిండి పొర కరకరలాడుతూ ఉంటుంది, బొటనవేలితో నడినెత్తిన నొక్కితే చిన్న గుంట పడుతుంది, లోపలి శనగపప్పు బెల్లం పూర్ణంలోంచి ఆవిరి వస్తుంది, ఆ గుంటలో కరిగిన నెయ్యి చెంచాడు పొయ్యాలి. నెయ్యి పూర్ణంలోకి ఇంకేదాకా ఆగాలి, అదే కష్టం. అలాంటివి మూడు తింటాను. నెయ్యితో కలిపి ఒక్కోటి 200 అనుకుంటే 600. అవి తిన్నాక ఆ రోజు పులిహోర వైపు, గారెల వైపు చూడాలనిపించదు. ఇదివరకు ఇదే బూరెని చల్లారిపోయాక, టీవీ చూస్తూ, పక్కన జంతికలు నములుతూ ఐదు తిన్న రోజులున్నాయి, ఒక్కటి కూడా గుర్తు లేదు. వేడిగా తినండి, కూర్చుని తినండి, ఫోను పక్కన పెట్టండి.

5. ఆ రోజు పొద్దున కడుపు మాడ్చుకోకండి

రాత్రి విందు ఉంది కదా అని పొద్దున్నుంచి ఏమీ తినకుండా వెళ్లేవాళ్లని చూస్తుంటాను. నేనూ అలా వెళ్లినవాణ్నే. ఆకలి మీద ఉన్న మనిషికి బజ్జీ పళ్లెం ఎదురైతే లెక్కలు గుర్తుండవు, భోజనాలకి పిలిచేలోపే అసలు భోజనం అయిపోతుంది.

పొద్దున చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. లేదా ఉడికించిన గుడ్లు రెండు, లేదా మొలకెత్తిన పెసలు. మధ్యాహ్నం కూర ఎక్కువ, అన్నం తక్కువ. పనసపొట్టు కూర గానీ మునగాకు పప్పు గానీ ఉంటే మరీ మంచిది, పీచు ఉంటుంది కాబట్టి కడుపు సాయంత్రం దాకా పట్టి ఉంటుంది. వెళ్లబోయే గంట ముందు ఒక గ్లాసు మజ్జిగ. తర్వాత వెళ్లండి.

బఫే అయితే పళ్లెం తీసుకోకుండా ఒక చుట్టు తిరిగి రండి. ఏమేం ఉన్నాయో చూసుకుని, అనుకున్న ఆ ఒక్కటి ఉందో లేదో చూసుకుని, అప్పుడు పళ్లెం పట్టుకోండి.

బంతి భోజనం అయితే వ్యవహారం వేరు, అక్కడ వడ్డించేవాళ్ల చెయ్యి మనది కాదు. మా వైపు మర్యాద ఎలాంటిదంటే మీరు వద్దంటే మొహమాటం అనుకుంటారు, చెయ్యి అడ్డం పెడితే చేతి మీద నుంచే వేస్తారు. మా మేనత్త అయితే "తిను బావూ, పండగ పూట నోరు కట్టుకుంటారేటి, సిక్కిపోనావు" అంటూ నేను నీళ్లు తాగడానికి తల ఎత్తిన క్షణంలో రెండు గారెలు వేసేస్తుంది. చాలా పండగలు ఆమెతో వాదించి ఓడిపోయాక ఒక కిటుకు దొరికింది. మొదట వడ్డించేటప్పుడే "అత్తా, కొంచెమే వెయ్యి, మళ్లీ అడిగి వేయించుకుంటాను" అనండి. కాసేపాగి మీరే పిలిచి "ఆ పప్పు మళ్లీ కొంచెం వెయ్యి అత్తా, బాగుంది" అని అడగండి. అడిగి వేయించుకున్నాడంటే వాళ్లకి కలిగే సంతోషం ఇంతా అంతా కాదు, ఇక గారెల గిన్నెతో వెంటపడరు. పప్పూ, కూరా రెండోసారి అడగండి, స్వీటు అడక్కండి. ఆకులో ఏదో ఒకటి కొంచెం మిగిల్చి ఉంచడం కూడా పనికొస్తుంది, ఖాళీ ఆకు చూస్తే వడ్డించేవాళ్లకి చెయ్యి ఊరుకోదు.

మందు గురించి ఒక్క ముక్క. ఆల్కహాలులో గ్రాముకి 7 కేలరీలు, దాదాపు కొవ్వుతో సమానం. అది పోనీ అనుకున్నా దాని పక్కన వచ్చే వేయించిన పల్లీలు, చికెన్ పకోడీ, రెండో పెగ్గు తర్వాత ఆర్డరు చేసే బిర్యానీ, వీటిని ఆ సమయంలో ఎవరు లెక్కపెడతారు? నేను మానేశాను, మీ ఇష్టం మీది.

6. పండగ కన్నా పండగ డబ్బా ప్రమాదం

ఇది నేను అందరికన్నా ఆలస్యంగా గ్రహించిన విషయం. సంక్రాంతి మూడు రోజులు తిన్నదాని వల్ల నేను లావెక్కలేదు. సంక్రాంతి తర్వాత ఇరవై రోజులు, అటక మీద ఉన్న స్టీలు డబ్బా వల్ల ఎక్కాను.

మా ఇంట్లో అరిసెలు చేసేటప్పుడు వంద తక్కువ చెయ్యరు. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, నువ్వులు, నూనెలోంచి తీసి రెండు చెక్కల మధ్య నొక్కినా లోపల ఇంకా నూనె ఉంటూనే ఉంటుంది. ఒక్కోటి 150 నుంచి 200 కేలరీల దాకా. చెడిపోవు, అదే వాటితో వచ్చిన చిక్కు. సాయంత్రం టీతో ఒకటి, రాత్రి భోజనం అయ్యాక "నోరు తీపి" అని సగం, ఆ మిగిలిన సగం ఎందుకు వదిలెయ్యాలని ఇంకో పది నిమిషాలకి. రోజుకి రెండు చొప్పున ఇరవై రోజులు తింటే 40 అరిసెలు, తక్కువలో తక్కువ వేసుకున్నా 6000 కేలరీలు. ఒక కిలో కొవ్వుకి కాస్త తక్కువ. పైన జంతికలు, పాకుండలు వేరే. ఎవరైనా పెళ్లి చేసుకుని సారె పంచితే ఆ లడ్డూలు, మైసూర్ పాక్ వేరే.

ఏం చెయ్యాలంటే, పండగ వెళ్లిన మర్నాడే డబ్బా దించి పంపకాలు చేసెయ్యండి. హాస్టల్లో పిల్లలుంటే వాళ్లకి, ఆఫీసుకి ఒక కవరు, పని మనిషికి, వాచ్‌మన్‌కి, కిందింటి వాళ్లకి. ఇంట్లో మనిషికి నాలుగు చొప్పున లెక్కపెట్టి చిన్న డబ్బాలో ఉంచండి, మీ నాలుగు అయిపోతే అయిపోయినట్టే. మొదటి ఏడాది మా అమ్మకి కోపం వచ్చింది, "నా చేతి అరిసెలు ఎవరికో పెడతావా" అని రెండు రోజులు మాట్లాడలేదు. మరుసటి ఏడాది పెద్దావిడ తనే అరవైకి తగ్గించి చేసింది, నడుం నొప్పి వల్ల అని చెప్పింది కానీ.

ఇంకో దారి కూడా ఉంది, నాకు బాగా నచ్చింది. రెండు మూడు నెలలు గట్టిగా తగ్గాక, సంక్రాంతి వారాన్ని విరామంగా పెట్టుకోవడం. తగ్గించడమూ లేదు, పెంచడమూ లేదు, ఉన్న బరువు ఉన్నట్టు ఉండడానికి ఎంత కావాలో అంత తినడం. నా లెక్కలో రోజుకి 2200. ఆస్ట్రేలియాలో ఊబకాయం ఉన్న మగవాళ్ల మీద ఒక అధ్యయనం చేశారు, 2017లో బయటికొచ్చింది. అందులో రెండు వారాలు తగ్గించి తిని, రెండు వారాలు మామూలుగా తిని, ఇలా మార్చి మార్చి చేసినవాళ్లు ఆపకుండా డైటింగ్ చేసినవాళ్ల కన్నా ఎక్కువ తగ్గారు. విరామాలు కలుపుకుంటే వాళ్లకి దాదాపు రెట్టింపు కాలం పట్టిందనుకోండి. అక్కడ మామూలుగా తినడం అంటే నిజంగానే కొలిచి మామూలుగా తినడం, బాణలి పక్కన పీట వేసుక్కూర్చోవడం కాదు. 2200లో రెండు అరిసెలు, కనుమ నాడు నాలుగు గారెలు హాయిగా పడతాయి, మధ్యాహ్నం అన్నం తగ్గించుకుంటే చాలు. కనుమ నాడు మినుము తినాలని పెద్దవాళ్లు చెప్పారు గానీ ఎన్ని తినాలో చెప్పలేదు.

7. మర్నాడు పొద్దున మిషన్ ఎక్కకండి

ఇక్కడే చాలామంది పాడవుతారు. పండగ మర్నాడు మిషన్ ఎక్కితే కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది, గుండె జారిపోతుంది, "ఎలాగూ పోయింది" అని ఆ రోజు కూడా తినేస్తారు, ఆ రోజు వారం అవుతుంది.

ఆ కిలోన్నర కొవ్వు అవ్వాలంటే మీరు ఒక్క రోజులో మామూలు కన్నా 11 వేలకు పైగా కేలరీలు ఎక్కువ తిని ఉండాలి. అంటే నా బూరెలు యాభై ఐదు పైన. తిన్నారా? లేదు కదా. మరి అదేమిటంటే ఎక్కువగా నీళ్లు. అన్నం, తీపి ఎక్కువ తిన్నప్పుడు ఒళ్లు దాన్ని గ్లైకోజెన్ రూపంలో కండల్లో, కాలేయంలో దాచుకుంటుంది, ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీళ్లు కూడా ఉంటాయి. పులిహోర, ఊరగాయ, ఉప్పు చేపలు తిన్న ఉప్పు ఇంకాస్త నీటిని పట్టి ఉంచుతుంది. ఇక కడుపులో ఇంకా అరగని తిండి బరువు ఎలాగూ ఉంటుంది. మామూలు తిండికి వచ్చేస్తే మూడు నాలుగు రోజుల్లో ఆ నీళ్లన్నీ పోతాయి.

మర్నాడు ఉపవాసం చేసి పాపం కడుక్కోవడం కూడా వద్దు. సాయంత్రానికి ఆకలి ఆగక మళ్లీ డబ్బా దగ్గరికే చేరతారు. మామూలు రోజులానే పొద్దున అంబలి, మధ్యాహ్నం కొలత అన్నం, మంచినీళ్లు, రాత్రి త్వరగా భోజనం. నడక కూడా రోజూ నడిచేదే నడవండి, విజయనగరంలో అయ్యకోనేరు గట్టు, శ్రీకాకుళంలో అయితే నాగావళి ఒడ్డున. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ ఒక్క రోజుకీ మినహాయింపు ఇచ్చుకోండి.

ఒకటి మాత్రం కనిపెట్టి ఉండండి. నెలకి రెండు పూటలు అనుకున్నది నాలుగు అవుతోందా, "ఈ రోజు ఎలాగూ పోయింది" అనే మాట వారంలో రెండోసారి వస్తోందా, నోట్‌బుక్‌లో రాయకుండా వదిలేసిన రోజులు పెరుగుతున్నాయా. అలా అయితే ఒక నెల విడుపులు ఆపి, రోజువారీ తిండినే కాస్త పెంచుకోండి. చాలాసార్లు తప్పు పండగది కాదు, మామూలు రోజుల్లో మరీ కడుపు కట్టుకోవడంది. 600 తగ్గిస్తూ వారానికోసారి తెగబడేకన్నా 300 తగ్గిస్తూ నిమ్మళంగా ఉండడం మేలని నా అనుభవం.

8. ఈసారి తొలేళ్లకి నా లెక్క

అంతా చెప్పి ఊరుకోకుండా నాది కూడా పెడుతున్నాను. సోమవారం తొలేళ్లు, ఇంట్లో పద్నాలుగు మంది చుట్టాలు. పొద్దున అంబలి, గుడ్లు. మధ్యాహ్నం మా అమ్మ బూరెలు మూడు, వేడివి, ముందు అవే, తర్వాత పప్పు, కూర, చారన్నం కొంచెం. సాయంత్రం మేనత్త దిగుతుంది, గారెల సంగతి పైన చెప్పిన కిటుకే. రాత్రి మజ్జిగన్నం. మంగళవారం సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడాలి, సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగేసరికి చీకటి పడుతుంది, ఆ జనంలో ముంత మసాలా వాడు కనిపిస్తే ఒక పొట్లం, నిమ్మకాయ ఎక్కువ పిండమని చెప్తాను. అక్కడితో ఈ నెల నా రెండు పూటలూ అయిపోయినట్టే. బుధవారం పొద్దున డబ్బాల పంపకం, చుట్టాలు ఊరికెళ్లేటప్పుడు తలా ఒక కవరు చేతిలో పెట్టేస్తాను.

మిషన్ మంచం కింద ఉంటుంది. దాన్ని శనివారం పొద్దున, పళ్లు తోముకుని, టీ తాగకముందు బయటికి తీస్తాను.